ఐరేని కుండ ఎత్తుకున్న రోజు

అక్కా,

నువ్వు చదవలేవని తెలిసీ రాస్తున్నాను. రజాకార్ల ఏడాది నువ్వు నా ఒళ్లో పెట్టి పోయిన బిడ్డకు రేపు పెళ్లి. పొద్దున డప్పులతో కుమ్మరోళ్లింటికి, పెళ్లి పందిట్లో పెట్టే ఐరేని కుండలకు పోయాం.

"పిల్ల తల్లెవరమ్మా? మొదటి కుండ ఆమె తలకే ఎత్తాలె," అంది కుమ్మరామె.

నేను వెనక్కి జరిగాను. పెంచానే గానీ కనలేదు కదా.

అమ్మ నా తల మీద చుట్టబట్ట పెట్టి, "తల్లి గిదే. ఎత్తు," అంది.

దారంతా కుండను రెండు చేతులా పట్టుకునే నడిచాను. కుండ పగిలితే, పోయిన తల్లికి ఇష్టం లేదంటారు. గడపలో నీ బిడ్డ ఎదురొచ్చి, "పైలం చిన్నమ్మా!" అంది.

పగల్లేదక్కా.

కుండ దించాక చుట్టబట్ట విప్పాను. అది నీ పచ్చ చీర కొంగు. ఇన్నేళ్లు ఎక్కడ దాచావని అమ్మను అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.