బాపు షిఫ్టులో కరెంటు

పుణె,
ఆదివారం మధ్యాహ్నం

ప్రభాకరన్నకు,

చెల్లె సువార్త వందనాలు చెప్పి రాసేది. నువ్వు, వదిన, పింకి అందరూ మంచిగున్నారని నమ్మి మొదలుపెడుతున్నాను. అవ్వ కాళ్ళ వాపు తగ్గిందా? నిజామాబాదులో ఎండలు పోయి వానలు మొదలయ్యాయా? నా గురించి రంది పెట్టుకోవద్దు. వేళకు తింటున్నాను, పనికి పోతున్నాను. కొంచెం దగ్గు ఉంది, అది ఈ ఊరి వాన వల్ల. మందు తాగుతున్నాను.

బాపు సమాధి రాయి మీద ఏం చెక్కించాలో నాలుగు మాటలు రాసి పంపమని నువ్వు చెప్పి నెల దాటింది. రాయి చెక్కే అతను రెండుసార్లు అడిగాడని మొన్న ఫోనులో వదిన చెప్పింది. డిగ్రీ చదివింది కదా, నాలుగు మాటలు రావట్లేదా అని వెనక నుంచి నువ్వు అనడం కూడా వినబడింది. మాటలు రాక కాదన్నా. అవి రాసే ముందు నీకొకటి చెప్పాల్సి ఉంది. ఫోనులో మూడుసార్లు ఆ మాట ఎత్తబోయాను. మూడుసార్లూ ఇక్కడి వాన సంగతి చెప్పి పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం. కోపం వచ్చినా చివరిదాకా చదువు.

ఇక్కడి వాన మన బోధన్ వాన లాంటిది కాదు. మనకు దబదబ కురిసి ఆగిపోతుంది. ఇది పొద్దున మొదలై సాయంత్రం దాకా జల్లెడ పట్టినట్టు పడుతూనే ఉంటుంది. బట్టలు మూడు రోజులైనా ఆరవు. గదిలో నాతో ఉండే ఇద్దరూ మరాఠీ పిల్లలే. బోధన్ అంగట్లో నేర్చిన మరాఠీతో నెట్టుకొస్తున్నాను. నా మరాఠీ కూరగాయలు బేరం చేసినట్టు ఉంటుందని నవ్వుతారు. పప్పులో బెల్లం వేస్తారు. మొదట్లో గొంతు దిగేది కాదు, ఇప్పుడు అలవాటైంది. జొన్నరొట్టె మాత్రం మన ఇంటి రొట్టే. రొట్టె చప్పుడు వింటే అవ్వ గుర్తొస్తుంది.

మూడో ఉద్యోగం కూడా మానేసిందా అని నువ్వు అడిగావట. మానేశాను. ఆ ఆఫీసులో పొద్దంతా కాగితాలకు నంబర్లు వేయడమే పని, ఊపిరాడలేదు. ఇప్పుడు ఒక పెద్ద షాపులో వీడియో గేములు అమ్మే దగ్గర చేరాను. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు. కొనడానికి వచ్చిన వాళ్ళకు ఆడి చూపించడమే నా పని. చిన్నప్పుడు దీనికే కదా అవ్వ చేతిలో దెబ్బలు తిన్నాం.

షాపులో ఒక గోడకు ఒక కంపెనీ నల్ల గేము డబ్బా, ఎదురు గోడకు ఇంకో కంపెనీ తెల్ల డబ్బా. కాలేజీ పిల్లలు వచ్చి ఈ గోడవాళ్ళు ఆ గోడవాళ్ళను వెక్కిరిస్తారు. దాంట్లో బొమ్మలు బాగుంటాయని ఒకడు, బొమ్మలు చూసి ఆడతారా అని ఇంకొకడు. అచ్చం బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో మన క్వార్టర్లే. మనది దుబాయి నుంచి చిన్నబాపు తెచ్చిన ఎర్ర డబ్బా, ఆఫీసర్ల లైనులో ల్యాబు కెమిస్టు గారి కొడుకు రఘుది నల్ల డబ్బా. మన క్యాసెట్ మీద తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలని రాసి ఉంటే నువ్వు రెండు రోజులు కూర్చొని లెక్కపెట్టావు. తిప్పి తిప్పి పదమూడే తేలాయి. అయినా బయట మాత్రం తొమ్మిదివేలనే చెప్పుకున్నాం. అందులో నాకు ఇష్టమైనది ట్యాంకుల ఆట. ఇద్దరం ఒకేసారి ఆడేది అదొక్కటే. ఇటుక గోడల వెనక నీ ట్యాంకు, దాని వెనక నా ట్యాంకు. నీకు ఇష్టమైనది వేరే క్యాసెట్, ఎనిమిది కోటల ఆట. అందులో ఒకరు చచ్చేదాకా రెండోవాళ్ళకు వంతు రాదు. నువ్వేమో చచ్చేవాడివి కాదు.

ఇక్కడి కొత్త డబ్బాలకు రిమోట్లు రెండూ ఒకే రకంగా ఉంటాయన్నా. మొదలుపెట్టే బటన్, ఆపే బటన్ రెండింటికీ ఉంటాయి. మన రెండో రిమోటుకు అవి ఉండేవి కావు, నీకు గుర్తుందా? దాంతో ఆట మొదలుపెట్టడానికి లేదు, ఆపడానికి లేదు. ఎవరో మొదలుపెడితే ఆడాలి, ఎవరో ఆపితే ఆగాలి. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళు నా చేతిలో ఉన్నది ఆ రెండో రిమోటే.

పోయిన వారం ఇద్దరు అన్నాచెల్లెళ్ళు షాపుకు వచ్చారు. అన్న జోరుగా ఆడుతుంటే చెల్లె మధ్యలో తన రిమోటు మీద బటన్ నొక్కి ఆట ఆపేసింది. "ఆతా మాఝీ బారీ," అంది. ఇప్పుడు నా వంతు అని. అన్న గొణుక్కుంటూ జరిగి కూర్చున్నాడు. అంతే, గొడవ లేదు. నాకు ఏడుపొచ్చింది. గోదాంలోకి పోయి అట్టపెట్టెల మధ్య నిలబడి ముఖం తుడుచుకొని వచ్చాను.

ఆ ఆదివారం సంగతి నీకు నేను గుర్తుచేయాల్సిన పని లేదు. కానీ నువ్వు చూడనిది ఒకటి ఉంది.

గానుగ సీజన్. ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి చెరుకుపిప్పి మసి రాలి ఆరేసిన బట్టలన్నీ నల్ల చుక్కలయ్యే రోజులు. సీజన్ నడిచినన్నాళ్ళు మన క్వార్టర్లకు ఫ్యాక్టరీ పవర్ హౌస్ కరెంటే కదా. బయట ఊరంతా గంటలు గంటలు చీకట్లో ఉన్నా మనకు పోయేది కాదు. ఎక్కడిదాకా ఆడామో గుర్తుపెట్టుకోని ఆ ఆటను మొదటి కోట నుంచి ఎనిమిదో కోట దాకా ఒక్క కూర్చోవడంలో ముగించాలంటే సీజన్‌లోనే కుదిరేది. ఆ పవర్ హౌసులోనే పనిచేసే బాపు అనేవాడు కదా. "నా షిఫ్టుల బల్బు కన్ను సుత గొట్టది," అని. అది ఆయన గొప్ప. పండుగకు కొత్తబట్టలు లేకపోయినా ఆ మాట ఉంటే చాలు ఆయనకు.

మీ డబ్బా ఆటకు అంతమనేదే లేదు, ఉంటే ముగించి చూపించమని రఘు అన్నాడు. ఓడినవాడు తన ఇష్టమైన క్యాసెట్ ఇచ్చెయ్యాలని పందెం. చర్చి నుంచి వచ్చి, బట్టలు కూడా మార్చకుండా మొదలుపెట్టావు. రెండు లైన్ల పిల్లలూ మన ఇంటి ముందు గదిలోనే. నేను నీ పక్కన, రెండో రిమోటు పట్టుకొని. ఎనిమిదో కోటలో నిప్పుల గుండాల మీది దూకుడు నాకే బాగా వస్తుందని, అక్కడికి వచ్చాక నీ రిమోటు నాకు ఇస్తానని ముందురోజే మాటిచ్చావు. ఆ మాట మీదే నేను అన్నిగంటలు కదలకుండా కూర్చున్నాను.

ఎనిమిదో కోట వచ్చింది. చెయ్యి చాపాను. రఘు నవ్వి, "ఏందిరా, మీ చెల్లెతోని గెలిపిచ్చుకుంటవా?" అన్నాడు. నువ్వు నా ముఖం కూడా చూడలేదు. "సువ్వీ, లే. నీళ్ళు తేపో," అన్నావు.

లేచాను. నీళ్ళ కోసం కాదు. వసారాలో మీటరు బోర్డు దగ్గరికి పోయి తెల్ల పింగాణీ ఫ్యూజు పట్టి గుంజేశాను.

లోపల అయ్యో అని అందరూ ఒక్కసారే అనడం వినబడింది. చేతిలో ఫ్యూజు వేడిగా ఉంది. కొంచెంసేపు అట్లనే నిలబడి, మళ్ళీ పెట్టేసి, ఏమీ ఎరుగనట్టు చెంబుతో నీళ్ళు తెచ్చాను. చలికాలం పగలు, ఎవరింట్లోనూ ఫ్యాను తిరగట్లేదు, బల్బు వెలగట్లేదు. పిల్లలంతా మన ఇంట్లోనే ఉన్నారు. క్వార్టర్లన్నిటికీ కరెంటు పోయి వచ్చిందనే అందరూ అనుకున్నారు. టీవీలో ఆట మళ్ళీ మొదటి కోట దగ్గర నిలబడి ఉంది.

నువ్వు ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆ రోజే చెప్పేసేదాన్నేమో.

మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి బాపు సైకిలు స్టాండు వేస్తుండగానే నువ్వు ఎదురుపోయావు. "నీ షిఫ్టుల కరెంట్ వోయింది బాపూ. నా ఆట ఖతమైంది," అన్నావు. బాపు నవ్వాడు. "ఏడ వోయిందిరా? మా దిక్కు..." అంటూ మెట్లెక్కి ఆగిపోయాడు. ఆయన చూపు బోర్డు మీద ఉంది. ఆ ఫ్యూజు మీద ఎర్రరంగుతో మన క్వార్టరు నంబరు తనే రాసుకున్నాడు కదా. కంగారులో నేను దాన్ని తలకిందులుగా పెట్టాను. నంబరు తిరగబడి ఉంది. ఆ తరువాత గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. చెంబు నా చేతిలోనే ఉంది.

"ఔ బిడ్డా, వోయింది," అన్నాడు నీతో. "రెండు నిమిషాలు ట్రిప్ అయింది. నాదే గల్తి."

అంతే అన్నాడు. చెప్పులు విడిచి, ఫ్యూజు తీసి సరిగ్గా తిప్పి పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. ఏదో దులుపుతున్నాడని నువ్వు అనుకొని ఉంటావు.

రఘు మన ఎనిమిది కోటల క్యాసెట్ తీసుకుపోయాడు. వాళ్ళ నల్ల డబ్బాలో అది పట్టనే పట్టదు. వాళ్ళ షోకేసులో బొమ్మల పక్కన ఊరకే పెట్టుకున్నాడు. తరువాత రెండు లైన్లలోనూ పిల్లలు బాపు సైకిలు మీద పోతుంటే, కాకా కరెంటుందా, అని అడిగేవాళ్ళు. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపేవాడు. నేను గడప దాటకుండా వింటుండేదాన్ని.

నీకు ఇంటర్ అయ్యాక తన దగ్గరే పవర్ హౌసులో అప్రెంటిసుగా పెట్టిస్తానని బాపు ఎంత తిరిగాడో నీకు తెలుసు. "ఆటలు బంద్ వెట్టే పని నాకొద్దు," అని నువ్వు పళ్ళెం ముందు నుంచి లేచిపోయావు. అదంతా ఒక్క ఫ్యూజు వల్లనే అని అనను. మీ ఇద్దరి మధ్య ఇంకా చాలా ఉండేవి. కానీ నువ్వు ఎప్పుడు కోపం తీసినా అక్కడినుంచే తీసేవాడివి. ఆయన ఎప్పుడూ కాదనలేదు. నేను కూడా కాదనలేదు.

బాపుకు తెలుసో లేదో అని చాలా ఏళ్ళు నన్ను నేనే మోసం చేసుకున్నాను. నిజంగానే కరెంటు పోయిందనుకొని ఉంటాడులే అని. మొదటిసారి పుణె బస్సు ఎక్కేరోజు నిజామాబాదు బస్టాండుకు ఆయనే కదా వచ్చింది. సంచి పైన పెట్టి, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. డ్రైవరు ఎక్కాక బాపు అన్నాడు: "గక్కడ గదిల ఫ్యూజు గిట్ల వోతే నువ్వే వెట్టుకో బిడ్డా. భయమేం లేదు. నంబరు మాత్రం సక్కగుండేటట్టు సూసి వెట్టు."

నవ్వుతూనే అన్నాడు. బస్సు కదిలింది. దిగి కాళ్ళు పట్టుకోవాల్సింది. దిగలేదు. తరువాత ప్రతి సెలవుకూ చెబుదామనే వచ్చాను, చెప్పకుండానే తిరిగిపోయాను. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు.

బాపు పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో నువ్వు లేచి మాట్లాడావు. నలభై ఏళ్ళ కొలువులో మా బాపు షిఫ్టుల ఒక్కసారే కరెంటు పోయింది, అది కూడా నా ఆటకే పోయింది, అన్నావు. అందరూ కన్నీళ్ళలోనే నవ్వారు. నువ్వూ నవ్వావు, కానీ నీ గొంతు నాకు తెలుసు. అప్పుడు నవీపేట నుంచి వచ్చిన నర్సయ్య కాక, పవర్ హౌసు షిఫ్టులో బాపు జోడీ, తల ఊపుతూ అన్నాడు: "గా సీజన్ల ఒక్క ట్రిప్ గూడ లేదు బిడ్డా. షిఫ్టు బుక్కు నేనే రాసేది." ముసలాయన మరిచిపోయాడని అందరూ ఊరుకున్నారు. ఆయన మరిచిపోలేదన్నా. ఆ గదిలో ఆ మాట నిజమని తెలిసింది నాకొక్కదానికే. బాపు పెట్టె మీది మట్టి ఇంకా తడిగానే ఉండి ఉంటుంది, అప్పుడు కూడా నోరు తెరవలేదు.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. నువ్వు మాట్లాడకుండా ఉన్నా సరే, అది నాకు రావాల్సిందే. కానీ బాపు మీద ఆ ఒక్క కోపం ఉంచుకోకు. అది ఆయనది కాదు, నాది. ఈ ఉత్తరం అవ్వకు కూడా చదివి వినిపించు. నర్సయ్య కాక కనిపిస్తే ఆయన మాటే నిజమని చెప్పు.

ఎర్ర డబ్బా ఇంకా నీ రిపేరు షాపులో పాత టీవీల కింద ఉందని వదిన చెప్పింది. పింకి అడిగితే ఆడనివ్వు. మొదటి రిమోటు ఇవ్వు.

రాయి మీద బాపు పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు రాయించు. వాటి కింద బైబిలు వాక్యం ఏదీ వద్దు. ఈ మాట చాలు:

ఈయన షిఫ్టులో ఎన్నడూ కరెంటు పోలేదు.

అవ్వ పాదాలకు దండాలు. వదినకు, రుద్రూరులో ఉన్న అత్తమ్మ వాళ్ళకు నా వందనాలు చెప్పు. పింకికి ముద్దులు. నా కోసం కూడా ప్రార్థన చెయ్యండి.

నీ చెల్లె
సువార్త