బర్రెకు వేసే సూది

కార్తీక్ బావకు,

మీరు ఫోన్లో అన్నదానికి ఉత్తరంలో జవాబిస్తున్నాను. నోటితో చెబితే నా గొంతు లేస్తుంది.

దిగులుకు వాడిన మాత్రలు నన్ను బతికించాయి. అవే ఒంట్లో కోరికను చల్లార్చాయి. మానేసి ఏడాదైనా అది తిరిగి రాలేదు. ఈ సంగతి మీ చెల్లెలు మనీషాకు మొదట్నుంచీ తెలుసు, మీకు మొన్న తెలిసింది. వెంటనే, "బర్రెకు సూది ఏస్తే పాలు చేపుతలేదా? మిర్యాలగూడ పోయి హార్మోన్ సూది ఏయించుకో. లేకుంటే ఆదివారం పెద్దమనుషుల్ల కూసుందాం" అన్నారు.

బావా, నేను బర్రెను కాను. సూర్యాపేట డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, హార్మోన్ సరిపడా ఉందని చెప్పింది. పైనుంచి ఎక్కిస్తే కోరిక వస్తుందో రాదో గాని, పిల్లలు పుట్టే అవకాశం తగ్గొచ్చంది. వేయించుకోవాలా వద్దా అని మేమిద్దరం ఇంకా ఆలోచిస్తున్నాం. మీ గడువుకు భయపడి మాత్రం వేయించుకోను.

ఆదివారం హుజూర్‌నగర్ వస్తాను. ఎవరూ చెవులు కొరుక్కోనక్కర్లేదు, విషయం నేనే గట్టిగా చెబుతాను. మీ దిక్కు ఒక కుర్చీ తక్కువ వేయించండి. "నేను నీ దిక్కే కూసుంట" అంది మీ చెల్లెలు.

ఇట్లు,
ఆమె మొగుడు