దేనికి అన్‌ఫిట్?

ఫార్మింగ్టన్ హిల్స్, 1983

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నువ్వు చదవవని తెలిసినా, ఇవాళ నేర్చుకున్న సంగతి నీకే చెప్పాలనిపించింది.

నేనిక్కడ అమెరికాలో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తున్నాను. పొద్దున ఒక పెట్టెలో బోల్టుల కొలత తేడాగా ఉంటే, చీటీ మీద 'అన్‌ఫిట్' అని రాసి అంటించాను. మా సూపర్‌వైజర్ రావుగారు అది చూశారు.

"దేనికమ్మా అన్‌ఫిట్?"

"కారుకండీ."

"మరి అది రాయాలి కదా. ట్రక్‌కి సరిపోతాయేమో చెక్ చేశావా? పక్కన 'ఫర్' లేకపోతే అది సగం మాటే."

చెక్ చేశాను. ట్రక్కుకి చక్కగా సరిపోయాయి. నాకు ఆశ్చర్యమేసి, లంచ్‌లో డిక్షనరీ తీసి ఆ మాట చూశాను. తాగడానికి పనికిరాని నీళ్ళు, ఉండడానికి పనికిరాని ఇల్లు. ప్రతి ఉదాహరణలోనూ దేనికో చెప్పే ఉంది.

టీచరు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు పోలియో వచ్చిన నీ కాలు చూసి డాక్టరు కాగితం మీద రాసింది 'అన్‌ఫిట్' అన్న ఆ ఒక్క మాటే. "పనికిరాదట" అని నాన్న ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పారు. ఆ తర్వాత నువ్వెక్కడా దరఖాస్తు పెట్టలేదు. నాకు లెక్కలు నేర్పింది మాత్రం నువ్వే.

దేనికి పనికిరాదని ఆ రోజు మనింట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదక్కా.