చెరిగిన సుద్ద గీతలు

అక్కా,

నేను క్షేమం, గది దొరికింది, బెంగ పెట్టుకోకండి. "కొత్తచోట అందరికంటే ముందెళ్ళి బల్ల తుడువు, మంచి పేరొస్తుంది" అన్నావుగా, టైలరు షాపులో మొదటిరోజు అలాగే చేశాను. నేల ఊడ్చాను, కత్తెరలకు నూనె రాశాను, బల్ల మీది గుడ్డలన్నీ విదిలించి, రెండువైపులా బ్రష్షుతో దులిపి మడతపెట్టాను. యజమాని వచ్చి చూసి "పనిమంతుడంటే వీడూ!" అని నలుగురిలో మెచ్చుకున్నాడు.

ఆ గుడ్డల మీద పెద్ద మాస్టరుగారు ముందురోజంతా కూర్చుని, పదకొండు చొక్కాలకు సుద్దతో గీతలు గీసి ఉంచారక్కా. గీతలు అడుగువైపున్నాయి, పొడి లేస్తే దుమ్మనుకున్నాను. యజమాని ఆ పెద్దాయన మీద విరుచుకుపడ్డాడు. "గీశానంటారేంటి, ఏవీ? చేతకాకపోతే ఇంట్లో కూర్చోండి" అన్నాడు. నేను బ్రష్షు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. మాస్టరుగారు నా బ్రష్షుకంటిన సుద్దపొడి చూశారు. చూసి కూడా, "టేపు ఆ కొస పట్టుకో నాయనా" అన్నారంతే. పదకొండూ మళ్ళీ మొదటినుంచి గీశారు. వారమైంది. రోజూ యజమానికి నిజం చెప్పేద్దామనే బయల్దేరతాను, టేపు పట్టుకుని ఊరుకుంటాను.

ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే నా పాత దుప్పటి పంపు. చంటిదానికి దగ్గు తగ్గిందా? బావ కాలికట్టు విప్పారా? అమ్మ మోకాళ్ళకు నూనె రాయడం మానకు. ఈ కార్డు అమ్మకి చదివి వినిపించేటప్పుడు మాత్రం, యజమాని మెచ్చుకున్న దగ్గర ఆపెయ్.

నీ తమ్ముడు