స్టేజి ఎక్కిన స్ప్రేయర్

శనివారం రాత్రి, తిరువూరు

ఇవాళ విస్సన్నపేటలో మా రాక్ బ్యాండ్ ప్రోగ్రాం. నాది గిటారు. మా బ్యాండ్‌లోనే ఉన్న నా స్నేహితుడు రవి మాత్రం మామిడికాయల ట్రేలు, ఆటో హారన్, మా తోటలో మందు కొట్టే స్ప్రేయర్ వాయిస్తాడు. వాడు పంపు కొట్టి బుస్సుమనిపించగానే జనం ఈలలు వేశారు. నేను వాయిస్తున్నప్పుడు సగం మంది ఫోన్లు చూసుకున్నారు.

అదైనా ఓర్చుకునేవాణ్ణి. కానీ నాన్న వచ్చాడు. నా గిటారు వినడానికి ఒక్కసారీ రాని మనిషి, తన స్ప్రేయర్ స్టేజి ఎక్కుతుందనగానే ముందు వరసలో కూర్చున్నాడు. రవి భుజం తట్టి, "ఏం వాయించావురా! రేపు మా ఇంటికి భోజనానికి రా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చాక, పొద్దున్నే తోటకి మందు కొట్టాలి కదా అని స్ప్రేయర్ తీయబోయాను.

"దాన్ని ముట్టుకోకు. అది రవి వాయించేది. పక్క తోట వాళ్ళది అడిగి తెస్తాలే" అన్నాడు నాన్న.

మామిడి పూత మీదుంటే మందు ఒక్క పూట ఆలస్యమైనా ఊరుకోని మనిషి! స్ప్రేయర్‌ని శుభ్రంగా తుడిచి, బీరువా పక్కన నిలబెట్టాడు. అది నా గిటారు ఉండే చోటు.

వెతికితే గిటారు వరండాలో కనిపించింది. దాని మీద నాన్న తడి తువ్వాలు ఆరేసి ఉంది.