బొంతలో నీ చీర

లలితా,

బాగున్నావా అని అడగడానికి నోరు రావడం లేదు. నువ్వు పోయి నాలుగు నెలలు దాటింది. ఎల్బీనగర్‌లో దవాఖాన వరండాలో కూర్చుని రాస్తున్నాను. మన రమ్యను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్ళారు. నెలలు నిండలేదు. కడుపులో బిడ్డ పొద్దుటి నుంచి సరిగా కదలడం లేదట.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేట్టుంది. అందుకే నీతో మాట్లాడుకుంటున్నాను. నువ్వు కాక ఎవరున్నారు వినడానికి?

దసరా సంగతి చెప్పాలి ముందు. ఏడాది లోపల మనకు పండుగ లేదన్నారు పెద్దలు. పిండివంట లేదు, గుమ్మానికి మామిడాకు లేదు. కానీ నీ బీరువా తెరిస్తే కింది అరలో అందరికీ ఇవ్వాల్సినవి సిద్ధంగా ఉన్నాయి... ఉగాది వెళ్ళగానే మొదలుపెట్టేదానివి కదా. దిల్‌సుఖ్‌నగర్ మ్యాచింగ్ సెంటర్లలో మిగిలిపోయిన కట్ పీసులు అడిగి తెచ్చుకోవడం, కాలనీ వాళ్ళకు జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు వాటికి కలపడం. పైసా పెద్దగా ఖర్చు లేకుండా ఇంటిల్లిపాదికీ దసరా కానుక.

“కొన్నదిస్తె ఎంతకు తెచ్చినవంటరు. కుట్టిందిస్తె ఎన్ని రోజులు కూసున్నవంటరు” అనేదానివి. ఆ రెండో మాట అనిపించుకోవడం నీకెంత ఇష్టమో!

ఏది ఎవరిదో చూడగానే తెలిసింది. గట్టి అడుగు వేసిన చేతిసంచి నా తమ్ముడికి. వాడు పండుగకు ఏ సీసాలు మోస్తాడో నీకు తెలుసు మరి. పొయ్యి మీద గిన్నె దించే మసిగుడ్డలు నా చెల్లెకు. నాకు ఎప్పటిలాగే దిండు గలీబు. నీ చేతిపని ముక్కిపోవడం ఎందుకని, జమ్మి ఆకు ఇచ్చి పోదామని వచ్చిన తమ్ముడికీ చెల్లెకూ ఎవరిది వాళ్ళకు ఇచ్చాను.

అక్కడే మొదలైంది.

తమ్ముడు ఆ సంచి బండికి తగిలించుకుని పోతూ మూసారాంబాగ్ వంతెన దగ్గర పడ్డాడు. భుజం విరిగింది. వాడు బండి నడిపే తీరు నీకు తెలియనిదా, సంచి ఏం చేసింది పాపం అని నేనే అన్నాను. ఆ వారంలోనే చెల్లె నీ మసిగుడ్డతో పాలగిన్నె దించుతుంటే అంచు అంటుకుని చెయ్యి కాలింది. అందులో నైలాన్ ముక్క ఉందట. నువ్వు నూలు ముక్కలే ఏరేదానివి... అది ఎట్లా కలిసింది? అప్పటికే నీకు ఒంట్లో బాగాలేదా? నాకెందుకు చెప్పలేదు?

తర్వాత సంచి తిరిగి వచ్చింది. మరదలు దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చి కుర్చీలో పెట్టి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. చెల్లె అయితే లోపలికే రాలేదు. మిగిలిన మసిగుడ్డలు గేటుకు తగిలించి పోయింది. నువ్వున్నప్పుడు ఈ రంగు నాకంటే నాకని పోట్లాడుకున్న మనుషులు! నాకు కోపం వచ్చింది. ఎవరూ పైకి ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి భయం కూడా వేసింది.

నీ గలీబు మీద పడుకోవడం నేనూ మానేశాను. ఇది నీకు చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

ఇక మిగిలింది ఆ చిన్న బొంత. రమ్య నెల తప్పిందని తెలిసిన రోజే మొదలుపెట్టావు. పుట్టకముందే బిడ్డకు ఏమీ కుట్టకూడదంటారు కదా అని నేను గొణిగితే విన్నావా?

“కొత్తగుడ్డ అయితె తప్పు. పాతగుడ్డకు ఏం తప్పున్నది? పుట్టంగనె పెద్దమనిషి పాత చీరల సుట్టాలె. ఆ ఆయుష్షు బిడ్డకొస్తది.”

మా అమ్మ లేదు, మీ అమ్మ లేదు. అందుకని నీ చిలకపచ్చ నూలు చీరనే మడిచి లోపల పెట్టి, పైన రంగురంగుల ముక్కలు పరిచి కుట్టావు. “నాకేమైతది, ఎనభై దాటుత” అని నవ్వావు.

బొంత అంచు కుట్టడం పూర్తయిన వారానికే నీ గుండె ఆగిపోయింది. యాభై మూడేళ్ళు... ఏ ఆయుష్షు పెట్టి కుట్టినట్టు లలితా?

వనస్థలిపురంలో మన వియ్యపురాలికి ఈ సంగతులన్నీ తెలిశాయి. గుంటూరు వైపు మర్యాద, నీకు తెలుసుగా. కాఫీ ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, అప్పుడు అన్నది. “ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ, ఆ బొంత మా గుమ్మంలోకి తేవద్దండీ.” నేను ఏమీ అనుకోలేదు. నా మనసులో ఉన్న మాటే ఆమె అన్నది. అదే నా బాధ.

ఆ తర్వాతే రమ్యకు నువ్వు కలలో రావడం మొదలైంది. మంచం కాళ్ళ దగ్గర కూర్చుంటున్నావట. “జర ఇటియ్యి, నేనెత్తుకుంట” అని చేతులు చాపుతున్నావట. అమ్మ వస్తోందని రమ్య ఎంత సంబరంగా చెప్పిందో! నాకు అన్నం సయించలేదు. ఎందుకు చాపుతున్నావు చేతులు? ఎత్తుకుని ఎక్కడికి పోతావు?

ఈ పొద్దున అల్లుడు ఫోన్ చేశాడు. లోపల గుండె చప్పుడు నెమ్మదించిందట, వెంటనే బిడ్డను తీసెయ్యాలట. రమ్య ఫోన్ తీసుకుని ఒక్కటే అడిగింది. “నాన్నా, అమ్మ కుట్టిన బొంత తీస్కరా. పుట్టంగనే దాంట్లనే సుట్టాలె.”

ఆ స్థితిలో ఉన్న పిల్లకు లేదని ఎట్లా చెప్పను? తీసుకుపోయి ఇంకేమైనా అయితే?

అల్మాస్‌గూడలో మనింట్లో, నీ కుట్టుమిషన్ ముందు కూర్చుని బ్లేడుతో ఒక అంచు విప్పాను. ఎంత దగ్గర దగ్గరగా వేశావు కుట్లు... నీ చీర బయటికి లాగాను. ఇంకా నీ వాసనే. దాంట్లో మొహం పెట్టుకుని ఏడ్చాను.

తర్వాత నా పాత పంచె తీశాను. మసిగుడ్డకు కూడా పనికిరాదని నువ్వు పారేయబోతే లాక్కుని దాచుకున్నదే. దాన్ని మడిచి నీ చీర ఉన్న జాగాలో పెట్టి, సూదితో కుట్టేశాను. కుట్లన్నీ వంకరటింకర. నువ్వు చూస్తే మొత్తం విప్పించేదానివి. నాకు అరవై దాటాయి, షుగర్ ఉంది. అయినా ఉన్నన్నాళ్ళు ఉంది కదా ఆయుష్షు. బిడ్డకు పోతే పోనీ.

ఇక్కడికి వచ్చి వియ్యపురాలితో ఉన్నమాట చెప్పేశాను, ఏది తీశానో, ఏది పెట్టానో. ఆమె నేను కుట్టిన అంచును ఒకసారి తడిమి చూసి, తానే నర్సు చేతికి ఇచ్చింది. ఇప్పుడు గోడ వైపు తిరిగి ఏదో జపం చేసుకుంటోంది.

తలుపు మూసి చాలాసేపైంది. ఇందాక ఒక నర్సు పరుగున లోపలికి పోయింది. లోపలి నుంచి ఏడుపు వినిపించడం లేదు... వినిపించాలి కదా ఈపాటికి?

నీ చీర నా ఒళ్ళో ఉంది.

ఈ నాలుగు నెలలూ రా, ఒక్కసారి కనిపించి పో అని పూటపూటకూ నిన్ను పిలిచింది నేనే. నా కలలోకి రాలేదని అలిగాను కూడా. ఇవాళ రావద్దు. నీకు దండం పెడతాను, ఆ గదిలోకి పోవద్దు. వాళ్ళిద్దరినీ వదిలెయ్యి.

అక్కడ ఒక్కదానివీ ఉండలేకపోతే నన్ను పిలువు లలితా. ఎక్కడికని అడగను. లేచి వస్తాను.

నీ యాదగిరి