కషాయంలో కలకండ

మర్గిలాన్, గురువారం

గుల్చెహ్రా అక్కా,

క్షేమసమాచారాలు తర్వాత. నాన్న కాలి పుండు నల్లబడుతోంది. చక్కెర జబ్బు మాత్రలు విషమని కరపత్రాల్లో చదివి, ఆయనకీ చదివి వినిపించి మాన్పించింది నేనే. నెల రోజులుగా కొండ నుంచి తెచ్చిన చేదు వేళ్లు కాచి, రోజుకి ఆరు పియాలాల కషాయం తాగించాను. ఇవాళ చూస్తే, ప్రతి పియాలాలోనూ ఆయన కలకండ కరిగించుకుంటున్నాడు.

"కలకండ కూడా మందేరా పండితుడా. మీ నానమ్మ ఏ రోగానికైనా అదే ఇచ్చేది," అన్నాడు నవ్వుతూ.

వెంటనే మాత్రలు తెచ్చి బతిమాలాను. "విషమన్నది నువ్వేగా," అని పక్కకి నెట్టేశాడు.

నువ్వు నర్సువి, నీ మాటైతే వింటాడు. ఈ ఉత్తరం అందగానే తాష్కెంట్ నుంచి మొదటి రైలుకే రా. కరపత్రాలన్నీ పొయ్యిలో పెట్టాను. కానీ ఆయనకి అవి కంఠతా వచ్చేశాయి.

నీ తమ్ముడు